లంకల్లో విడిది చేసేవారు తాగే నీటి గురించి

సంపాదకుల వారికి నమస్కారం.

కార్తీక వనభోజనాలతో మొదలై సంక్రాంతి సెలవులు ముగిసేదాకా, గోదావరి పాయల నడుమ ఉన్న లంకల్లోను, ఏటి ఇసుక తిన్నెల మీదను గుడారాలు వేసుకుని ఒకటి రెండు రాత్రులు గడిపే అలవాటు కొన్నేళ్లుగా మన డెల్టాలో బాగా పెరిగింది. గౌతమి మీద కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల వైపు, వశిష్ఠ మీద దిండి చుట్టుపక్కల, సముద్రం దిక్కున ఓడలరేవు, అంతర్వేది దాకా కళాశాల విద్యార్థులు, స్కౌట్ దళాలు, సెలవులకు ఊరు వచ్చిన కుటుంబాలు వెళుతున్నాయి. ఏటి ఒడ్డునే పుట్టి, ఏటిని వంతెన మీద నుంచి తప్ప ఎరగని పిల్లలు ఒక రాత్రి దాని పక్కన పడుకోవడం మంచిదేనని హైస్కూలులో జీవశాస్త్రం చెప్పి, గైడ్స్ బాలికలను విడిదులకు తీసుకువెళ్లిన నా గట్టి అభిప్రాయం. అయితే ఈ విడిదుల గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో పడవ ఎక్కడ ఎక్కాలో, పులస ఏ నెలలో దొరుకుతుందో, సూర్యోదయం ఎక్కడి నుంచి బాగుంటుందో ఉంటోంది గాని, అక్కడ దాహం వేస్తే ఏ నీరు తాగాలి, దానిని ఎలా శుభ్రం చేసుకోవాలి అన్న మాట ఎక్కడా కనిపించడం లేదు. ఆ లోటు గురించే ఈ ఉత్తరం.

వరదల కాలంలో ఏటి నీరు ఎర్రగా, బురదగా ఉంటుంది కనుక ఎవరూ దోసిలి పట్టరు. నిజమైన ప్రమాదం కార్తీకం తరువాత వస్తుంది. వరద తీసి, బురద అడుగుకు దిగి, మోకాలి లోతు నీటిలో కాలి కింది ఇసుక రేణువులు కూడా కనిపించేంత తేటగా ఏరు మారుతుంది. ఆ తేటదనాన్ని చూసి చదువుకున్నవారు సైతం సీసాలు ముంచుకుంటున్నారు. త్ర్యంబకం దగ్గర పుట్టి నాసిక్, నాందేడ్, రామగుండం, భద్రాచలం, రాజమహేంద్రవరం వంటి ఊళ్లను దాటుకుంటూ 1,465 కిలోమీటర్లు ప్రవహించే నదిలో దారి పొడవునా కలిసే మురుగు ఎంతో వేరే చెప్పనక్కరలేదు. బురద కంటికి కనబడుతుంది, టైఫాయిడ్ క్రిమి కనబడదు. బురద దిగిపోయిన నీటిలో అది హాయిగా బతికే ఉంటుంది.

"మేము తాగాం, మాకేమీ కాలేదు" అనేవారు చాలామంది ఉన్నారు. వారి మాటను తోసిపుచ్చే ముందు, అది ఎందుకంత నమ్మకంగా వినిపిస్తుందో చూడాలి. కలరా సోకితే కొన్ని గంటల నుంచి ఐదు రోజుల లోపే తెలిసిపోతుంది. టైఫాయిడ్ బయటపడటానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. నీటి ద్వారా వచ్చే పచ్చకామెర్లకు, అంటే హెపటైటిస్ ఎ, ఇ లకు, నెల రోజులు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పట్టవచ్చు. అప్పటికి విడిది ముగిసి, ఫోటోలు పంచుకోవడం కూడా అయిపోయి ఉంటుంది. జ్వరం వచ్చిన పిల్లవాడి తల్లిదండ్రులు బజారులో తిన్న బజ్జీని తప్పు పడతారే తప్ప, నెల కిందట లంకలో తాగిన నీటిని తలచుకోరు. హెపటైటిస్ ఇ గర్భిణులకు ప్రాణాంతకం కావచ్చు కనుక, కుటుంబాలతో వెళ్లేవారు ఈ విషయాన్ని మరింత గట్టిగా పట్టించుకోవాలి.

ఇక చెలమ. ఏటి నీరు నేరుగా తాగకూడదు గాని, నీటి అంచుకు కాస్త ఎగువన ఇసుకలో చెలమ తవ్వి, మొదట ఊరిన మడ్డి నీటిని తోడి పారబోసి, తరువాత ఊరిన నీటిని కొబ్బరి చిప్పతో తోడుకుంటే దానికి వంక పెట్టనక్కరలేదని లంకల్లో పెద్దలు గట్టిగా నమ్ముతారు. ఈ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. ఇసుక నీటిని వడగడుతుంది. బురదను, నాచును, క్రిముల్లో కొంత భాగాన్ని పట్టి ఉంచుతుంది. పట్టణాల నీటి సరఫరా కేంద్రాల్లో ఎన్నో ఏళ్లుగా వాడుతున్న నెమ్మది ఇసుక వడపోత కూడా ఇదే ప్రకృతి ధర్మం మీద నడుస్తుంది. అయితే అక్కడ క్రిములను అరికట్టేది ఇసుక ఒక్కటే కాదు. ఇసుక పైభాగాన రోజులు, వారాల తరబడి పెరిగిన జిగురైన జీవపొర ఒకటి ఉంటుంది. నీరు గంటకు 10 నుంచి 40 సెంటీమీటర్ల వేగంతో, అంటే కంటికి కదులుతున్నట్టు కూడా తెలియనంత నెమ్మదిగా, ఆ పొర గుండా దిగుతుంది. ఆ పొరలోని జీవులే హానికరమైన క్రిములను తిని, పట్టి, నశింపజేస్తాయి. అంత చేసిన తరువాత కూడా ఆ నీటికి క్లోరిన్ కలిపే ఇళ్లకు పంపుతారు. ఉదయం తవ్విన చెలమలో ఈ జీవపొర ఉండదు. లంక మీద గేదెలు మేస్తాయి, కూరగాయల మడులకు పెంట తోలుతారు, విడిదికి వచ్చినవారు తెల్లవారుజామున రెల్లు దుబ్బుల చాటుకే వెళతారు. అదంతా ఇంకేది చెలమ ఊరే ఆ ఇసుకలోకే. చెలమ నీరు ఏటి నీటికన్నా మెరుగైనది కావచ్చు గాని, శుద్ధి చేయకుండా తాగదగినది మాత్రం కాదు.

దీనిని మాటలతో ఒప్పించడం కష్టం. నీటిలో మల సంబంధమైన క్రిములు ఉంటే నల్లబడే చిన్న పరీక్ష సీసాలు దొరుకుతాయి. వాటిని హెచ్‌టూఎస్ సీసాలు అంటారు. గుర్తు ఉన్న గీత దాకా నీరు పోసి, మూత బిగించి, వెచ్చని చోట ఒకటి రెండు రోజులు ఉంచితే చాలు. ధర ఎక్కువేమీ కాదు, నేర్పు అక్కరలేదు. మా బాలికలు ఏటి నీటిని, చెలమ నీటిని, మరిగించి చల్లార్చిన నీటిని మూడు సీసాల్లో పోసి బడిలో వరుసగా పెట్టారు. మొదటి రెండూ సిరా రంగులోకి తిరగడం, మూడవది మారకపోవడం చూసిన తరువాత పొయ్యి ముట్టించమని వారికి ఎవరూ చెప్పవలసిన పని లేకపోయింది. ఈ సీసా నల్లబడకపోయినంత మాత్రాన నీరు పూర్తిగా నిరపాయమని చెప్పలేము. నల్లబడితే మాత్రం సందేహించనక్కరలేదు.

శుద్ధి చేయడంలో వరుస ముఖ్యం. ముందు తేర్చాలి, తరువాత వడగట్టాలి, ఆఖరున క్రిములను చంపాలి. తేర్చడానికి మన ఇళ్లలో పటిక ఉంది, పాతకాలం వారికి బిందె లోపలి వైపు అరగదీసే చిల్లగింజ ఉంది. రెండూ నీటిలో తేలే మట్టి రేణువులను దగ్గరకు చేర్చి అడుగుకు దింపుతాయి. పటిక ముక్కను నీటిలో కొద్దిసార్లు తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచి, పైతేటను మాత్రమే వంచుకోవాలి. ఆ తేటను పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి వడగట్టడం చిన్న పని అనిపించవచ్చు గాని, బంగ్లాదేశ్‌లోని మత్లాబ్ ప్రాంతపు పల్లెల్లో జరిపి 2003లో వెలువరించిన పరిశోధనలో ఈ ఒక్క పనితోనే కలరా దాదాపు సగానికి తగ్గింది. కలరా క్రిమి నీటిలోని అతి చిన్న జలచరాలను అంటిపెట్టుకుని ఉంటుంది, ఆ జలచరాలు మడతల్లో చిక్కుకుపోతాయి. కొత్త చీర కన్నా ఉతికి ఉతికి నూలు ఉబ్బిన పాత చీర మేలు. ఇంత చేసినా మిగిలిన సగం అలాగే ఉందని కూడా అదే పరిశోధన చెబుతోంది కనుక, వడపోతతో ఆగకూడదు.

క్రిములను చంపడానికి నిప్పును మించినది లేదు. బ్యాక్టీరియా, వైరస్, అమీబా వంటి ఏకకణ జీవులు, అన్నిటినీ మరుగు చంపుతుంది. నిజానికి వాటిలో చాలావరకు నీరు మరుగు స్థాయికి చేరకముందే చస్తాయి. కానీ విడిదిలో ఎవరి దగ్గరా ఉష్ణమాపకం ఉండదు. నీరు తగినంత వేడెక్కిందని కంటికి కచ్చితంగా తెలిసే గుర్తు ఒక్కటే, గిన్నె అంతటా పెద్ద బుడగలు లేచి సలసల కాగడం. ఆవిరి రావడం, అంచున చిన్న బుడగలు కట్టడం చాలవు. అలా మరగడం మొదలైన తరువాత ఒక నిమిషం ఉంచితే మనకు సరిపోతుంది. రెండు వేల మీటర్ల ఎత్తు దాటిన కొండల మీద మూడు నిమిషాలు కావాలంటారు. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున ఉన్న మన లంకల్లో నీరు నూరు డిగ్రీల దగ్గరే మరుగుతుంది కనుక పది, ఇరవై నిమిషాలు మంట పెట్టి వంటచెరకు వృథా చేయనక్కరలేదు. కట్టెల పొయ్యి మీద లీటరు నీరు మరిగించడానికి సుమారు కిలో కట్టె పడుతుందని ఒక లెక్క. ఎండిన కొబ్బరి మట్టలు, డొక్కలు పుష్కలంగా దొరికే చోట ఇది పెద్ద భారం కాదు గాని, ముప్పై మంది పిల్లలకు రెండు రోజుల నీరు కాచాలంటే ముందుగానే పోగు చేసుకోవాలి. సాయంత్రం వంట ముగిసిన పొయ్యి మీదనే మరుసటి రోజు నీటిని మరిగించి, మూత పెట్టి రాత్రంతా చల్లారనివ్వడం మేము పాటించిన పద్ధతి.

చాలా విడిదుల్లో ఇంతవరకు సరిగానే జరుగుతుంది, తప్పంతా ఆ తరువాతనే. మరిగించిన నీటిని వెడల్పు మూతి గిన్నెలో ఉంచి, వచ్చినవారల్లా గ్లాసు ముంచుతారు. వేళ్లు మునిగిన మరుక్షణం ఆ నీరు మళ్లీ ఏటి నీటితో సమానం. మరిగిన నీటిలో కొత్తగా పడిన క్రిమిని చంపే శక్తి ఏదీ ఉండదు. కుళాయి ఉన్న క్యాన్, లేదా ఇరుకు మూతి బిందె వాడాలి. అదీ లేకపోతే పొడవు కాడ గరిటెతో ఒక్కరే వంచి పోయాలి. ఇంకొక సంగతి మన తెలుగు విడిదులకు ప్రత్యేకం. తాగే నీరు కాచినదే, కానీ మజ్జిగలో కలిపేది బిందెలోని పచ్చి నీరు. పానకం, నిమ్మరసం సంగతీ అంతే. ఉల్లిపాయ, కొత్తిమీర కడిగే నీరు, పళ్లు తోముకుని పుక్కిలించే నీరు, విస్తరి మీద చల్లుకునే నీరు, రేవు దగ్గర కొన్న ఐసు, ఇవన్నీ నోటిలోకి వెళ్లేవేనని వంట చూసేవారు గుర్తుంచుకోవాలి.

మంట పెట్టడానికి వీలు లేనప్పుడు క్లోరిన్ ఉపయోగపడుతుంది. మందుల దుకాణాల్లో దొరికే క్లోరిన్ బిళ్లల బలం రకరకాలుగా ఉంటుంది కనుక, ఎన్ని లీటర్లకు ఒకటో పొట్లం మీద చదివి వాడాలి. పెద్ద బృందాలు బ్లీచింగ్ పౌడర్ తీసుకువెళతాయి. మూత తీయని తాజా పౌడర్‌లో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. 15 గ్రాముల పౌడర్‌ను అర లీటరు నీటిలో కలిపి, తేరనిచ్చి, పైతేట తీసుకుంటే అది సుమారు ఒక శాతం ద్రావణం. తేటగా వడగట్టిన 20 లీటర్ల నీటికి దానిని ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు, కలిపి అరగంట ఆగాలి. అరగంట తరువాత కొద్దిగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే మరొక చెంచా కలిపి మళ్లీ అరగంట ఆగాలి. ఆ కొద్దిపాటి వాసనకు ముఖం చిట్లించేవారికి నేను చెప్పేది ఒకటే: అది నీటికి కాపలా ఉన్నదన్న గుర్తు. తాగునీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన భారతీయ ప్రమాణం కూడా చెబుతోంది. రెండు హెచ్చరికలు మాత్రం తప్పవు. మూత లేకుండా తేమలో పడి ఉన్న పౌడర్ త్వరగా బలం కోల్పోతుంది, చూడటానికి తెల్లగానే ఉంటుంది గాని పని చేయదు. బురద నీటిలో వేసిన క్లోరిన్ క్రిముల కన్నా ముందు బురదకే ఖర్చయిపోతుంది. క్రిప్టోస్పోరిడియం వంటి కొన్ని జీవులు క్లోరిన్‌కు లొంగవు, అందుకే వీలున్నప్పుడల్లా మరిగించడమే మేలంటాను.

ఇప్పటి యువకులు తెచ్చుకునే గొట్టపు ఫిల్టర్లు బ్యాక్టీరియాను, అమీబాను బాగానే ఆపుతాయి గాని, పచ్చకామెర్ల వైరస్‌లు వాటి రంధ్రాల కన్నా చాలా చిన్నవి. వడగట్టిన నీటికి క్లోరిన్ కూడా కలిపితే ఆ లోటు తీరుతుంది. రెండు లీటర్లకు మించని పారదర్శకమైన ప్లాస్టిక్ సీసాలో తేట నీరు నింపి ఆరు గంటలు మండుటెండలో ఉంచే పద్ధతి కూడా శాస్త్రీయమైనదే. మబ్బు పట్టిన రోజుల్లో రెండు రోజులు కావాలి కనుక శీతకాలపు విడిదిలో దాని మీదే ఆధారపడలేము.

ఇంతదాకా చెప్పినవన్నీ క్రిముల కోసం. మన డెల్టాలో అంతకన్నా మొండి సమస్య ఇంకొకటి ఉంది, అది ఉప్పు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీరంతా కాలువలకు మళ్లిన తరువాత, ఎండలు ముదిరేకొద్దీ దిగువ పాయల్లో మంచినీటి ప్రవాహం సన్నగిల్లుతుంది. ఆటు పోట్లతో సముద్రపు నీరు గౌతమి, వశిష్ఠ, వైనతేయ పాయల్లోకి ఎగదన్నుతుంది. పోటు మీద ఉప్పగా ఉన్న చోటే ఆటు మీద కొంత తియ్యగా అనిపించవచ్చు. తీరానికి దగ్గరి లంకల్లో చెలమ నీరు, బోరు నీరు కూడా ఉప్పగానే ఉంటాయి. మరిగించినా, క్లోరిన్ కలిపినా, చీరలో వడగట్టినా ఉప్పు పోదు. మరిగించేకొద్దీ నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది కూడా. ఉప్పు నీరు తాగితే దాహం తీరకపోగా ఒంట్లోని నీరు బయటకు పోతుంది. అందువల్ల యానాం, కోరింగ, ఓడలరేవు, అంతర్వేది వైపు వెళ్లేవారు అక్కడి నీటిని శుద్ధి చేసుకుందామనే ఆలోచనే మానుకుని, కావలసిన నీరంతా వెంట తీసుకువెళ్లాలి.

పురుగుమందుల సంగతీ ఇంతే. వరిచేల మీద నుంచి, రొయ్యల చెరువుల నుంచి వచ్చే నీరు మురుగు కాలువల్లో కలుస్తుంది. పంట కాలువకు, మురుగు కాలువకు తేడా స్థానికులకు తెలుసు గాని, బయటి నుంచి వచ్చినవారికి తెలియదు. రెండూ పచ్చని గట్ల మధ్య ఒకేలా కనిపిస్తాయి. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో గుంటల్లో నిలిచిన నీటి మీద పచ్చని తెట్టు కడుతుంది. ఆ నాచులో కొన్ని రకాలు వదిలే విషాలు మరిగించినా చెక్కుచెదరవు. కనుక ఏ నీటిని తీసుకోవాలో స్థానికులను అడిగి తెలుసుకోవడం శుద్ధి కన్నా ముందు చేయవలసిన పని. పడవ నడిపేవారి కన్నా ఈ విషయం బాగా చెప్పగలవారు లేరు.

వెంట తీసుకువెళ్లే నీటికి లెక్క కావాలి. తాగడానికే మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు, వంటకు మరికొంత అనుకుంటే, పది మంది రెండు రోజుల విడిదికి ఇరవై లీటర్ల క్యాన్లు ఐదైనా ఉండాలి. క్యాన్ల మూత బిగువుగా ఉన్నదో లేదో చూసుకోవాలి, ఖాళీ సీసాలను ఇసుకలో వదలకుండా తిరిగి తేవాలి. కోనసీమలో దేవుడిచ్చిన సదుపాయం కొబ్బరి బొండం. చెక్కని బొండంలోని నీటిలో క్రిములుండవు, కత్తి, గ్లాసు శుభ్రంగా ఉంటే చాలు. మలవిసర్జనకు గోతులు తీసేటప్పుడు నీటి అంచుకు, చెలమకు కనీసం అరవై మీటర్ల దూరం పాటించి, పని కాగానే మట్టి కప్పాలి. ఈ ఒక్క నియమం మన తరువాత వచ్చే బృందాన్ని కూడా కాపాడుతుంది. ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ పొట్లం కలపవలసిన లీటరు నీరు కూడా మరిగించి చల్లార్చినదే అయి ఉండాలి. నీరు గంజిలా పోతుంటే పడవ కట్టి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

వినోదానికి వెళ్లేవారికి ఇన్ని జాగ్రత్తలా అని కొందరు అనుకోవచ్చు. 1986 ఆగస్టు వరదను చూసినవారు అలా అనరు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చినప్పుడు లంక గ్రామాల వారు ఏటిగట్ల మీద టార్పాలిన్ల కింద తలదాచుకున్నారు. చుట్టూ నీరే, తాగడానికి చుక్క లేదు. అప్పుడు కావలసినది కూడా ఇదే చదువు: బురద నీటిని తేర్చడం, వడగట్టడం, తడి కట్టెలతోనైనా మరిగించడం, క్లోరిన్‌ను కొలత ప్రకారం కలపడం. సంక్రాంతి సెలవుల్లో ఇసుక తిన్నె మీద సరదాగా ఈ పని నేర్చుకున్న అమ్మాయి, వరద రోజున గట్టు మీద పది కుటుంబాలకు నీరు సిద్ధం చేయగలదు.

అందువల్ల నా విన్నపాలు ఇవి. రుసుము తీసుకుని విడిదులు నడిపేవారు తమ ప్రకటనలోనే మనిషికి రోజుకు ఎన్ని లీటర్ల నీరు ఇస్తారో, ఎక్కడి నుంచి తెస్తారో, ఎలా శుద్ధి చేస్తారో రాయాలి; ఆ మూడు వివరాలు ఇవ్వని బృందంతో తల్లిదండ్రులు పిల్లలను పంపకూడదు. పడవల రేవుల దగ్గర పంచాయతీలు, పర్యాటక శాఖ కలిసి ఒక మంచినీటి కుళాయిని, క్లోరిన్ బిళ్లలను అందుబాటులో ఉంచి, దిగువన ఏ లంక దాకా ఏటి నీరు ఉప్పదేరిందో నెలనెలా పలక మీద రాసి పెట్టాలి. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి కనుక, ఒడ్డున బస చేసే యాత్రికులకు కూడా ఈ ఏర్పాటు పనికివస్తుంది. పాఠశాలల్లో సైన్సు ఉపాధ్యాయులు విడిదికి బయలుదేరే ముందు వారం ఆ మూడు సీసాల పరీక్షను పిల్లల చేతనే చేయించాలి. ఇకపై లంకల విడిదుల గురించి మీరు ప్రచురించే ప్రతి వ్యాసంలోను, పడవ వేళల పక్కనే తాగునీటి గురించి నాలుగు వాక్యాలు ఉండేలా చూడవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
అమలాపురం.